ఖాళీ కుండీని పారేయకండి

మన ఎండకూ మన వానకూ పూసే గడ్డలు చాలానే ఉన్నాయి. బాల్కనీ కుండీల్లో వాటిని పెంచాలంటే నీళ్లు ఎప్పుడు పోయాలో తెలిస్తే సరిపోదు, ఎప్పుడు ఆపాలో కూడా తెలియాలి.

నవంబరు వచ్చిందంటే ఫోన్ తెర మీద తులిప్ పూలు మొదలవుతాయి. పది గడ్డలు ఇంటికే పంపిస్తామని, ఏ వాతావరణంలోనైనా పూస్తాయని కింద రాసి ఉంటుంది. పక్కనే ముదురు నీలంలో ఒక తులిప్ బొమ్మ. అది కనిపిస్తే మరో ఆలోచన లేకుండా ముందుకు జరిగిపోవచ్చు. అచ్చమైన నీలిరంగు తులిప్‌ను ఇంతవరకు ఎవరూ పుట్టించలేదు. బొమ్మ దగ్గరే అబద్ధమాడినవాళ్లు గడ్డ దగ్గర నిజం చెబుతారా?

అయినా తెప్పించుకునేవాళ్లు తెప్పించుకుంటూనే ఉంటారు. గడ్డ నాటుతారు, రోజూ నీళ్లు పోస్తారు. రెండు ఆకులు వస్తాయి, ఒక్కోసారి అవీ రావు. ఫిబ్రవరిలో మట్టిలో వేలు పెట్టి చూస్తే మెత్తగా కుళ్లిన ముద్ద తగులుతుంది. మనకు హస్తవాసి లేదులే అనుకుని కుండీల జోలికే పోవడం మానేస్తారు. పాపం, హస్తవాసి చేసిన తప్పేమీ లేదు. తులిప్ మధ్య ఆసియా కొండల మొక్క. 12 నుంచి 16 వారాల పాటు తొమ్మిది డిగ్రీలకు అటూఇటూగా చలి తగిలితేనే లోపలి మొగ్గ కాడ సాగి బయటికి వస్తుంది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు మామూలుగా 13-15 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, మధ్యాహ్నం మళ్లీ ఎండ కాస్తుంది. విజయవాడలో అంత చలి కూడా ఉండదు.

శ్రీనగర్‌లో దాల్ సరస్సుకు దగ్గర్లో, జబర్వాన్ కొండల కింద 2007లో మొదలైన తులిప్ తోటకు ఆ చలి ఊరికే దొరుకుతుంది. ఢిల్లీలో దొరకదు కాబట్టి అక్కడి పురపాలక మండలి చలికాలంలో నెదర్లాండ్స్ నుంచి గడ్డలు తెప్పించి నాటిస్తోంది. ఇంట్లో అయితే ఫ్రిజ్ కూరగాయల అరలో కాగితం సంచిలో మూడు నెలలు ఉంచి నాటొచ్చు. ఆ అరలో యాపిల్, అరటి పండు ఉండకూడదు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. ఇంత తంటాలు పడితే వారం రోజుల ముచ్చట, అదీ అదృష్టం బాగుంటే. ఒకసారి సరదాకు చేసి చూడండి, కాదనను. తోటపని మొదలుపెట్టడం మాత్రం దీంతో వద్దు.

మన దగ్గర బాగా పూసే గడ్డలన్నీ వేడి దేశాల నుంచి వచ్చినవే. వాటికి చలి అక్కర్లేదు. చాలావాటికి ఏడాదిలో కొన్నాళ్లు ఎండు మట్టి కావాలి. మంచు కింద తులిప్ తీసుకునే విశ్రాంతిని ఇవి పొడి మట్టిలో తీసుకుంటాయి. కొత్తవాళ్లు పొరపడేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే.

లిల్లీతో మొదలుపెడదాం

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో కిలోల లెక్కన తూచి అమ్మే తెల్లని లిల్లీ పూలు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. పెళ్లి దండలో ఉంటాయి, దేవుడి పటం మీద ఉంటాయి. నేల సంపెంగ అన్నా, రజనీగంధ అన్నా ఇదే. పుట్టిల్లు మెక్సికో. పేరు లిల్లీ కానీ ఆ కుటుంబంతో చుట్టరికం లేదు. శాస్త్రవేత్తలు ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి కిత్తలి జాతిలో కలిపారు. ఎండను ఇది ఎందుకంత ఇష్టపడుతుందో ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

ఒంటి రేకల రకం, ముద్ద రకం అని రెండున్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన శృంగార్, ప్రజ్వల్ ఒంటి రేకలవి. సువాసిని, వైభవ్ ముద్దవి. కుండీకి నా ఓటు ఒంటి రేకలకే. ముద్ద పువ్వు గుత్తుల్లో అందంగా ఉంటుంది, నిజమే. కానీ సాయంత్రం ఏడు దాటాక బాల్కనీ తలుపు తీస్తే ఇంట్లోకి వచ్చే వాసన ఒంటి రేకలదే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాటితే మంచిది. 12 అంగుళాల కుండీలో నాలుగైదు గడ్డలు పడతాయి. నిమ్మకాయకు కాస్త తక్కువ సైజులో, గట్టిగా ఉన్నవి ఎంచుకుని మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టండి. చిగురు కనిపించేదాకా మట్టి చెమ్మగా ఉంటే చాలు, తడిసి ముద్దవకూడదు. నాటిన 80 నుంచి 100 రోజుల్లో కాడ లేస్తుంది. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలకపోతే మాత్రం గడ్డిలా ఆకులు పెరుగుతాయే తప్ప కాడ రాదు. ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు. దాని చుట్టూ పుట్టే పిలకలే మరుసటి పంట.

ఇంతకన్నా తేలికైనది కావాలంటే రెయిన్ లిల్లీ ఉంది. చిన్న ఉల్లికాడల్లాంటి ఆకులు, గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో పూలు. మృగశిర కార్తెలో మొదటి పెద్ద వాన పడ్డాక నాలుగైదు రోజులకు కుండీ నిండా ఒక్కసారిగా విచ్చుకుంటాయి. ఒక పువ్వు ఒకటి రెండు రోజులే ఉంటుంది, కానీ వానాకాలమంతా విడతలు విడతలుగా వస్తూనే ఉంటాయి. వాన మొహం చాటేసిన ఏడు ఒక చిన్న కిటుకు పనిచేస్తుంది. కుండీని రెండు మూడు వారాలు ఎండబెట్టి, ఒక సాయంత్రం అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా తడపండి. అసలు వాన వచ్చిందనుకుని చాలాసార్లు పూసేస్తుంది. ఎనిమిది అంగుళాల వెడల్పు కుండీలో పది గడ్డలు ఇరుకిరుగ్గా నాటినా దీనికి అభ్యంతరం లేదు. ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది కూడా.

గ్లాడియోలస్ ఇక్కడి చలికాలానికి సరిపోతుంది. అక్టోబరులో నాలుగంగుళాల లోతున నాటితే చాలా రకాలు రెండు మూడు నెలల్లో పూస్తాయి. కాడ బరువుకు ఒరిగిపోతుంది కాబట్టి నాటిన రోజే పక్కన ఒక పుల్ల గుచ్చి ఉంచాలి. తర్వాత గుచ్చితే గడ్డకే దిగుతుంది.

మొగ్గ ఎప్పుడో సిద్ధమైంది

నర్సరీల్లో అమరిల్లిస్ పేరుతో అమ్మే పెద్ద గడ్డ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బాల్కనీలో ఇంత చిన్న కుండీలో ఇంత పెద్ద పువ్వు మరేదీ ఇవ్వదు. అసలు పేరు హిప్పియాస్ట్రమ్, దక్షిణ అమెరికాది. ఎరుపు, నారింజ, తెలుపు మీద ఎర్ర చారలు, ఇలా చాలా రకాలున్నాయి. ఒక్కో కాడకు రెండు నుంచి నాలుగు పూలు, ఒక్కోటి అరచేయంత.

ఈ గడ్డను నిలువుగా కోసి చూస్తే, ఉల్లిపాయలో లాగే తెల్లని పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అవన్నీ ఆహారం దాచుకున్న ఆకుల అడుగుభాగాలు. ఆ పొరల మధ్య, గడ్డ నడుమ కాకుండా ఒక పక్కకు, పాలతెలుపులో గోరంత మొగ్గ ఉంటుంది. నాలుగు ఆకులు పుట్టాక ఒక పూల మొగ్గ, మళ్లీ నాలుగు ఆకులు, మళ్లీ మొగ్గ. ఈ మొక్క వరస అది. ఆ మొగ్గ బయటికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే ఈ మార్చిలో మీరు చూసే పువ్వు పోయినేడాది ఆకుల కష్టం.

అందుకే పూలు వాడిపోగానే 'ఇక అందం పోయింది' అని ఆకులు కత్తిరించేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎండిన పూల కాడ తీసేయండి, గింజ కట్టనివ్వకండి, ఆకుల్ని మాత్రం ముట్టుకోవద్దు. వాటిని ముడి వేసి, రబ్బరు బ్యాండు చుట్టి 'నీట్‌గా' పెట్టడం కూడా వద్దు. ఎండ తగిలితేనే ఆకు పని చేస్తుంది. పూత అయిన దగ్గర్నుంచి వానాకాలం చివరిదాకా ఎరువు వేయాల్సింది కూడా ఈ ఆకులున్నప్పుడే. మూడు వారాలకోసారి చారెడు వర్మీకంపోస్టు, అప్పుడప్పుడు చిటికెడు కట్టెల బూడిద వేస్తే కుండీకి సరిపోతుంది. యూరియా వేస్తే ఆకులు గాడిద చెవులంత అవుతాయి, పువ్వు మాత్రం రాదు.

నాటే తీరు మిగతా గడ్డలకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. గడ్డ ఎత్తుకు రెండింతలు, మూడింతలు లోతున నాటాలన్న మామూలు సూత్రం ఇక్కడ చెల్లదు. దీని మెడ, భుజాలు, అంటే పైనుంచి మూడో వంతు మట్టి బయటే ఉండాలి. కుండీ కూడా పెద్దది వద్దు. గడ్డ చుట్టూ రెండు వేళ్ల సందు ఉంటే చాలు. పెద్ద కుండీలో వేర్లు అందుకోని మట్టి తడిగానే ఉండిపోయి గడ్డను కుళ్లబెడుతుంది. ఎండిన వేర్లు ఉంటే కోసేయకుండా, మట్టిని చిన్న గుట్టలా పోసి దాని మీద గడ్డను కూర్చోబెట్టి వేర్లను చుట్టూ జారవిడవండి. మట్టి నింపి వేళ్లతో గట్టిగా ఒత్తండి. కదిలితే కొత్త వేర్లు తెగిపోతాయి.

నవంబరు వచ్చేసరికి నీళ్లు తగ్గిస్తూ పోయి పూర్తిగా ఆపేయాలి. ఆకులు పసుపుబారి పడిపోతాయి. కొన్ని గడ్డలు మొండిగా ఆకులు నిలుపుకుంటాయి, వాటినలాగే వదిలేయండి. కుండీని వాన పడని మూలకు జరపండి. జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో మెడ పక్కన చిలుక ముక్కులా మొన కనిపిస్తుంది. అప్పుడు ఒక గ్లాసు నీళ్లు. ఆ తర్వాత వారానికోసారి. ఆకు ముందొచ్చిందా, మొగ్గ ముందొచ్చిందా అని గాబరా పడక్కర్లేదు. చదునుగా ఉంటే ఆకు, ఉబ్బెత్తుగా మొన తేలి ఉంటే మొగ్గ.

మే పువ్వుది ఇంతకన్నా పెద్ద నిద్ర. ఫుట్‌బాల్ లిల్లీ అని కూడా అంటారు. ఆఫ్రికా మొక్క. అక్టోబరు, నవంబరుల్లో ఆకులు ఎండిపోతే మళ్లీ వేసవి దాకా కుండీలో గడ్డిపోచ కూడా కనిపించదు. భరణి, కృత్తిక కార్తెల ఎండల్లో, ఒక వేసవి జల్లు పడ్డాక, మచ్చల కాడ ఒకటి మట్టిని చీల్చుకుని వచ్చి తల మీద ఎర్రని బంతి విప్పుతుంది. ఆ బంతి ఒక్క పువ్వు కాదు, కొన్నిసార్లు రెండు వందల దాకా చిన్న పూలు. ఏడాదికి ఒకసారే. ఇన్ని నెలలు ఖాళీగా కనిపించే కుండీని ఇల్లు సర్దేటప్పుడు ఎవరో ఒకరు గుమ్మరించేస్తారు. లేదంటే 'ఊరికే ఉంది కదా' అని అందులో కొత్తిమీర చల్లుతారు, దానికి రోజూ నీళ్లు పోస్తారు, నిద్రలో ఉన్న గడ్డ కుళ్లుతుంది. కుండీ అంచు మీద చెరగని ఇంకుతో 'గడ్డ ఉంది, నీళ్లు వద్దు' అని రాసి పెట్టండి. ఇంట్లో అందరికీ కనిపించేంత పెద్దగా.

అడుగున రాళ్లు ఎందుకు?

కుండీ అడుగున గులకరాళ్లు పరిచి ఆ పైన మట్టి పోయాలని నర్సరీల్లో చెబుతారు, వీడియోల్లో చూపిస్తారు. నీళ్లు బాగా దిగుతాయని నమ్మకం. జరిగేది వేరు. మట్టి సన్నటి రంధ్రాలు నీటిని పట్టి ఉంచుతాయి. పైమట్టి పూర్తిగా నాని బరువెక్కేదాకా ఆ నీరు రాళ్ల మధ్య పెద్ద ఖాళీల్లోకి దిగదు. ఎప్పుడూ తడిగా ఉండే ఆ అడుగు పొర రాళ్లు లేకపోతే కుండీ అడుగున ఉండేది, ఇప్పుడు రాళ్ల ఎత్తున పైకి జరిగి గడ్డకు దగ్గరవుతుంది. పైగా కుండీ లోతు తగ్గింది. రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు ముక్కో, పాత దోమతెర ముక్కో అడ్డం పెడితే చాలు. నీళ్లు దిగాలంటే మట్టి మొత్తం గుల్లగా ఉండాలి.

గడ్డలకు నాకు నచ్చిన పాళ్లు ఇవి: రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు. 12 అంగుళాల కుండీకి గుప్పెడు వేపపిండి. నల్లరేగడి మాత్రం వద్దు. వానకు బంకలా అంటుకుని, ఎండకు నెర్రెలిచ్చి గడ్డ ప్రాణం తీస్తుంది. కొబ్బరి పొట్టు తేలిగ్గా ఉంటుందని అందరూ కుమ్మరిస్తున్నారు. అది నీటిని బాగా పట్టుకుంటుంది, గడ్డల కుండీలో కొంచెం చాలు. విశాఖ, కాకినాడల్లో ఉన్నవాళ్లు సముద్రపు ఇసుక వాడొద్దు, ఉప్పు దిగుతుంది. కలిపిన మట్టిని తడిపి పిడికిట్లో నొక్కి వదిలి చూడండి. వేలితో తాకగానే ముద్ద విడిపోతే ఆ పాళ్లు కుదిరినట్టే.

మట్టి కుండీయా, ప్లాస్టిక్‌దా? మట్టిది గోడల గుండా ఆరుతుంది, చెయ్యి జారి నీళ్లు ఎక్కువ పోసినా కాపాడుతుంది. కొత్తవాళ్లకు అదే మేలు. కానీ తడి మట్టితో 12 అంగుళాల కుండీ 20 కిలోల దాకా తూగుతుంది. పిట్టగోడ మీద పెట్టకండి. గాలివానకు అది కింద పడితే పోయేది కుండీ ఒక్కటే కాకపోవచ్చు. కింద పళ్లెం పెట్టుకోవడం కూడా తప్పనిసరి, కాకపోతే మొక్క కోసం కాదు. రెండో అంతస్తులో ఆరేసిన చీర మీద మూడో అంతస్తు ఎర్రమట్టి నీళ్లు కారితే వచ్చే తగాదా అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు తెలియంది కాదు. పళ్లెంలో నిలిచిన నీళ్లు మాత్రం వెంటనే పారబోయాలి, గడ్డ కోసమూ, దోమల కోసమూ.

ఎండ ఎటు నుంచి వస్తుంది

గడ్డ కొనేముందు ఒక ఆదివారం బాల్కనీలో ఎండను గమనించండి. తూర్పు వైపైతే పొద్దుటి మూడు నాలుగు గంటల ఎండ హిప్పియాస్ట్రమ్‌కూ మే పువ్వుకూ సరిపోతుంది. రెయిన్ లిల్లీ కూడా సర్దుకుంటుంది. పడమటి ఎండ లిల్లీకి. దక్షిణం బాల్కనీది విచిత్రమైన సంగతి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వంగి ఉంటాడు కాబట్టి ఎండ గదిలోదాకా వస్తుంది. మే, జూన్‌లలో నడినెత్తి మీదికి పోతాడు, పైకప్పు అడ్డం వచ్చి బాల్కనీలో నీడే ఎక్కువ. అక్కడ గ్లాడియోలస్ వేసుకుంటే చలికాలం ఎండలో పూస్తుంది, వేసవి లిల్లీ మాత్రం నిరాశ మిగులుస్తుంది. ఉత్తరం వైపు ఎండ లేని బాల్కనీలో పూల ఆశ వదులుకుని రంగురంగుల ఆకుల కలాడియం దుంపలు పెట్టుకోవచ్చు. డాబా మీద పెంచేవాళ్లు రోహిణి కార్తెలో కుండీలను నేరుగా కాంక్రీటు మీద ఉంచకుండా రెండు ఇటుకలు వేసి ఎత్తు చేయాలి. కాంక్రీటు వేడి కింది నుంచి వేర్లను ఉడకబెడుతుంది.

గడ్డలు మన దగ్గర కడియం నర్సరీల్లో దొరుకుతాయి. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలో కూడా అమ్మకానికి వస్తాయి. చలికాలపు రకాలు చాలావరకు పశ్చిమ బెంగాల్ వైపు నుంచి వస్తాయి. చేతిలోకి తీసుకుని చూడనివ్వని చోట కొనొద్దు. సైజుకు తగ్గ బరువు ఉండాలి, బొటనవేలితో నొక్కితే మెత్తబడకూడదు, వేర్లు పుట్టే అడుగు పళ్లెం గట్టిగా, బూజు లేకుండా ఉండాలి. పైపొర ఊడి వస్తే భయం లేదు. 'ఏ కాలంలో పూస్తుంది బాబూ' అని అడిగితే 'ఏడాదంతా పూస్తుందమ్మా' అన్నాడంటే ఇంకో దుకాణం చూసుకోవడం మంచిది.

ఇంటికి తెచ్చాక ఒక జాగ్రత్త. ఈ గడ్డల్ని వంటింట్లో పెట్టకండి. హిప్పియాస్ట్రమ్, మే పువ్వు, రెయిన్ లిల్లీ గడ్డలు చూడ్డానికి ఉల్లిపాయలే. వాటిలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది, తింటే వాంతులు పట్టుకుంటాయి. కుక్క, పిల్లి ఉన్న ఇళ్లలో కూడా అందకుండా చూసుకోవాలి. అడవినాభి పువ్వు మంటలా ఎంత అందంగా ఉన్నా పసిపిల్లలున్న ఇంట్లో పెట్టమని నేను చెప్పను. దాని దుంపలోని కాల్చిసిన్ ప్రాణం తీయగలదు.

పురుగుల్లో ప్రధానమైంది ఒక్కటే. వానాకాలంలో హిప్పియాస్ట్రమ్ ఆకుల మీద నల్లటి ఒంటికి తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలు ఉన్న గొంగళి పురుగులు గుంపుగా కనిపిస్తాయి. లిల్లీ చిమ్మట పిల్లలవి. రెండు మూడు రోజుల్లో ఆకులన్నీ తినేసి మెడలోకి దిగుతాయి. మందు కోసం వెతకడం కన్నా పొద్దున్నే చేతికి కవరు తొడుక్కుని ఏరి సబ్బునీళ్లలో వేయడం త్వరగా తేలుతుంది. ఆకు అడుగున గుడ్ల పొర కనిపిస్తే తుడిచేయాలి. ఆ తర్వాత లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే మళ్లీ రావడం తగ్గుతుంది.

రెండు మూడేళ్లకు కుండీ పిలకలతో బిగుసుకుపోతుంది. లిల్లీ అయితే చలికాలం చివర, మే పువ్వు అయితే ఫిబ్రవరిలో, కుండీని పక్కకు వంచి మట్టిగడ్డ మొత్తాన్ని బయటికి లాగి పిలకల్ని చేత్తో విడదీయండి. వేరు లేని పిలకను బలవంతంగా తుంచొద్దు. గాయమైనవాటిని రెండు రోజులు నీడలో ఆరబెట్టి నాటాలి. చిన్న పిలక పూతకు రావడానికి రెండేళ్లు పట్టొచ్చు. మిగిలినవి ఎలాగూ పక్కింటివాళ్లకూ వదినగారికీ ఇచ్చేస్తారు. ఇచ్చేటప్పుడు ఒక చీటీ మీద పువ్వు పేరు, నిద్రపోయే నెలలు రాసి సంచిలో వేయండి. హిప్పియాస్ట్రమ్ అయితే 'మెడ మట్టి పైన ఉండాలి' అని కింద గీత గీసి మరీ రాయండి, లేదంటే ఉల్లిపాయ పాతినట్టు జానెడు లోతున పాతేస్తారు.